చివరి అక్షరానికి తోక

కొట్టు మీది గది,
జిగురు వాసన మధ్య నుంచి

మహారాజశ్రీ ఫోను ఎత్తని మామయ్యగారి దివ్యసముఖమునకు మేనల్లుడు వ్రాసుకొను విన్నపము.

గ్రాంథికం ఇక్కడితో సమాప్తం. చెయ్యి నొప్పెట్టింది.

మామయ్యా, అత్తయ్య పోయిన దగ్గర్నుంచి నువ్వు ఫోను ఎత్తడం లేదు. అమ్మ రోజూ చేస్తుంది. అది మోగి మోగి దానంతటదే అలిసిపోతుంది. ఉత్తరమైతే తలుపు కింద సందులోంచి దూరి, నువ్వు రమ్మన్నా వద్దన్నా వచ్చి గదిలో కూర్చుంటుంది. పైగా నువ్వు సర్వీసంతా పోస్టాఫీసులో ఊరందరి ఉత్తరాలూ విడదీసినవాడివి. నీకంటూ ఒకటి రావడం న్యాయం.

నా క్షేమం చెప్తాను. డిగ్రీ పూర్తి చేసి, గిటార్లు బాగుచేసే కొట్టులో చెక్కలు రుద్దుతున్నాను. అమ్మ చుట్టాలతో "మావాడు వాయిద్యాల ఇంజనీరు" అని చెబుతోంది. చెప్పుకోనీ. దీనికి తోడు నాకో జబ్బు కూడా పట్టుకుంది. పాత జపాను నకళ్ళు కూడబెట్టే జబ్బు. వెనకటికి అమెరికా గిటార్లు మామూలు మనుషులకి అందని రోజుల్లో, జపానులో కొన్ని కార్ఖానాలు వాటిని చూసి అచ్చు అలాగే చేశాయి. ఎంత అచ్చంటే, అసలువాడికి ఒళ్ళు మండి కోర్టుకెక్కేంత. అప్పట్లో వాటిని కొన్నవాళ్ళు సిగ్గుపడి, జపాను పేరు కనపడకుండా పైన అమెరికా పేరు రాయించుకునేవాళ్ళట. ఇప్పుడు రోజులు తిరగబడ్డాయి. ఆ జపాను పేరు కోసమే నాలాంటి పిచ్చివాళ్ళు పాత సామాన్ల కొట్లలో దుమ్ము తింటున్నారు. ప్రస్తుతం నా గదిలో గిటార్లు మంచం మీద పడుకుంటున్నాయి, నేను కింద పడుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. నువ్వు నీ లావు తీగల బాసు గిటారు అమ్మేశావట. అమ్మ చెప్పి ఏడ్చింది. చిన్నప్పుడు సెలవులకి వస్తే సాయంత్రాలు నన్ను హోటలుకి తీసుకెళ్ళి బ్యాండు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవాడివి. మిగతావాళ్ళు వాయించేది చెవికి వినిపించేది, నువ్వు వాయించేది స్టూలులోంచి వెన్నులోకి ఎక్కేది. అలాంటిదాన్ని ఎలా అమ్మావు?

ఇంకో మాట, కోప్పడకు. అది అమెరికాది అని ఇన్నేళ్ళూ చెప్పావు, మేమూ నమ్మాం. నాకిప్పుడు కాస్త కళ్ళొచ్చాయి. అమ్మ దగ్గరున్న ఫోటోలు భూతద్దంతో చూశాను. ఆ మెడ కట్టు, ఆ మరలు అమెరికావి కావు. అది జపాను పిల్ల. ఎవడో అమెరికా పేరు రాసి నీకు శుభ్రంగా టోపీ పెట్టాడు.

అయినా సరే, నేను దాన్ని వెతికి తెచ్చి నీ ఒళ్ళో పెడతాను. వాయిస్తే మంచిది. లేకపోతే ఊరికే ఒళ్ళో ఉంచుకో. "అది పోయింది, ఇదీ పోయింది, వాడిక ఆ ఇంట్లో దేన్ని చూసి లేస్తాడురా" అంటోంది అమ్మ. ఎవరికి అమ్మావో ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నీ ఇంజనీరు


పోస్టాఫీసు వెనక వీధి

ఒరేయ్ మేనల్లుడా,

ఉత్తరం అందింది. స్టాంపు తలకిందులుగా అంటించావు.

బాసు పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఇంట్లో చోటు చాలడం లేదు. వెతకొద్దు.

అది అమెరికాదే. గిటారు తల మీద, బిరడాల దగ్గర, పేరు రాసి ఉంది. చదువుకున్నవాడివి కదా, చదువుకో.

అక్కని ఏడవొద్దని చెప్పు. అన్నం తింటున్నాను.

మామయ్య


కొట్టు మీది గది,
వాచిన దవడతో

మామయ్యా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. "అది అమెరికాదే" అన్న నీ వాక్యం చదివి నాకెందుకో ఆయన గుర్తొచ్చాడు. ఇద్దరు మనుషులుండే ఇంట్లో పట్టిన గిటారు, ఒక్కడే ఉండే ఇంట్లో పట్టకపోవడం ఏం లెక్కో కూడా తెలీలేదు. ఈ మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

సరే, విను. నీ పాత సామాన్లవాణ్ణి పట్టుకున్నాను. ముందు నాకు కుట్టుమిషను అమ్మబోయాడు. తర్వాత పాడైన ఫ్యాను అమ్మబోయాడు. ఫ్యాను బేరం దాకా ఓపిక పట్టాక నోరు విప్పాడు. బాసుని ఒక పళ్ళ డాక్టరు తీసుకెళ్ళాడట.

నేరుగా వెళ్ళి అడిగితే బిగుసుకుంటాడని, పన్ను నొప్పని చెప్పి వెళ్ళాను. కుర్చీలో పడుకోబెట్టి దీపం నా మొహం మీదికి లాగాడు. నోరు తెరిచి పైకి చూస్తే గోడ మీద నీ బాసు! నోట్లో ఆయన వేళ్ళుండగా "అది ఎక్కడిది" అని అడిగాను. ఆయనకి "అఇ ఎఅఇఇ" అని వినిపించి, నొప్పి ఎక్కువగా ఉందనుకుని సూది పొడిచాడు. ఇంకా విషాదం, పన్ను నిజంగానే పుచ్చిందట.

మనిషి మంచివాడే. చేతకాదుగానీ సంగీతం అంటే ప్రాణం. రోగులు దాన్ని చూస్తూ నోరు ఎక్కువసేపు తెరుస్తున్నారని చెప్పాడు. చివరికి బేరం కుదిరింది. నా ఎర్ర గిటారు ఇస్తే నీ బాసు ఇస్తానన్నాడు. ఆ ఎర్రదాని గురించి అమ్మ నీకు ఏదైనా చెబితే నమ్మకు. అదేమంత గొప్పది కాదు. దాన్ని మంచం మీద గోడవైపు పడుకోబెట్టడం కేవలం చోటు లేక.

గోడ మీద ఎర్రది సరిపోయేలా మేకులు మార్పించి బాసు దింపుతాడట. అందాక నువ్వు బుద్ధిగా ఫోను ఎత్తకుండా ఉండు.

ఇట్లు,
సగం మొహం మొద్దుబారిన
నీ అల్లుడు


పోస్టాఫీసు వెనక వీధి

అల్లుడూ,

నిజంగా కనిపించిందా? తల మీద పేరు అలాగే ఉందా? ముందు అది చూడు. కింద పడినా, గీతలు పడినా, తీగలు తెగినా ఫరవాలేదు. పేరు ఉంటే చాలు.

నీకు అబద్ధం చెప్పాను. అది జపానుదే. నాకెవరూ టోపీ పెట్టలేదు.

హోటలు బ్యాండులో చేరిన కొత్తలో మిగతావాళ్ళ చేతుల్లో అన్నీ అసలువి. నా చేతిలో నకలు. తల ఎత్తి నిలబడాలంటే నామోషీగా ఉండేది. బజారు చివర బోర్డులు రాసే అమ్మాయి ఉందని ఎవరో చెబితే, గిటారు గుడ్డలో చుట్టుకుని వెళ్ళాను. ఆ అమ్మాయి నిచ్చెన మీద ఉంది. మందుల షాపు బోర్డు రాస్తోంది. చెవి వెనక ఒక బ్రష్షు, నోట్లో ఇంకో బ్రష్షు. నేను సంగతి చెప్పాను. నోట్లో బ్రష్షు తీసి, నిచ్చెన దిగకుండానే అడిగింది.

"అంటే, అబద్ధం రాయాలా?"

అవునన్నాను. అబద్ధానికి రెండు పూతలు పడతాయి, మొదటిది ఆరాక రెండోది వేస్తాను, తర్వాత వచ్చి తీసుకెళ్ళండి అంది. ఆరిందేమో చూద్దామని మర్నాడు వెళ్ళాను. ఆ తర్వాత రోజూ వెళ్ళాను. ఎనామిల్ రంగు అంత నిదానంగా ఆరడం లోకంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. ఆరిపోయిందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. రోజూ వేలితో ముట్టుకుని, "ఇంకా పచ్చిగానే ఉందండీ" అనేది.

అలా మీ అత్త మన ఇంటికి వచ్చింది.

చివరి అక్షరానికి గాలంలా పైకి తిరిగిన తోక ఒకటి ఉంటుంది, చూడు. కంపెనీవాడి పేరులో ఆ తోక లేదు. ఎందుకు పెట్టావంటే, "పేరు మీ అబద్ధం, తోక నా నిజం" అంది. తను రాసిన ప్రతి బోర్డులోనూ చివర ఆ తోక ఉంటుంది. కిందెక్కడా సంతకం పెట్టేది కాదు.

ఆమె పోయాక పొద్దున లేవగానే ఎదురుగా ఆ గిటారు తల కనిపించేది. మనిషి లేదు, రాత మెరుస్తోంది. ఓర్చుకోలేకపోయాను. పాత సామాన్లవాణ్ణి కేకేసి ఇచ్చేశాను. ఫరవాలేదు, బజారు నిండా ఆమె బోర్డులున్నాయి కదా, చూడాలనిపిస్తే వెళ్ళి చూసుకోవచ్చు అనుకున్నాను. వెళ్ళాను అల్లుడూ. మందుల షాపుది లేదు. దర్జీది లేదు. సైకిళ్ళవాడిది లేదు. అన్నీ ప్లాస్టిక్ మీద అచ్చు కొట్టించిన బొమ్మల బోర్డులు. అవి ఎప్పుడు మారాయో నేను గమనించనే లేదు. ఆమెకి పని ఎందుకు తగ్గిందో అప్పుడు ఆలోచించలేదు కదా, ఇది మాత్రం ఎలా గమనిస్తాను?

ఇంట్లో ఆమె కలంతో రాసినవి ఉన్నాయి. అవి కోడి కెలికినట్టుంటాయి, ఎవరివైనా కావచ్చు. బ్రష్షు పట్టుకుంటేనే అది ఆమె చెయ్యి. ఆ చేతి రాతలో ఇక మిగిలింది ఆ పేరు ఒక్కటే.

జాగ్రత్తగా తీసుకురా. తలకి మెత్తటి గుడ్డ చుట్టు. నీ ఎర్ర గిటారు సంగతి అక్క ఎప్పుడో రాసింది. దాన్ని నువ్వు ఎంత ఇష్టపడి తెచ్చుకున్నావో కూడా రాసింది. నేనేమీ అనను. అంటే నువ్వు జోకు వేస్తావు.

మామయ్య


కొట్టు వెనక పని గది,
విజయోత్సాహంతో

మామయ్యా! మామయ్యా! మామయ్యా!

మూడుసార్లు పిలిస్తే పలుకుతావేమోనని. బాసు నా బల్ల మీద ఉంది! కొట్టులో పని ఒత్తిడి ఎక్కువై వారంగా ఇక్కడే తిండీ నిద్రా. నీ ఉత్తరాలు వచ్చే అమ్మ ఇంటికి వెళ్ళలేదు. నువ్వేమైనా రాసి ఉంటే అమ్మ మామూలుగా పంచదార డబ్బా కింద దాచి ఉంటుంది, వెళ్ళాక చూస్తాను. ఈ శుభవార్త మాత్రం ఆగేట్టు లేదు.

ముందు ఆరోగ్య నివేదిక. మెడ తిన్నగా ఉంది. తీగలు నల్లబడి ఇనప కమ్మీల్లా ఉన్నాయి, రేపు కొత్తవి వేస్తాను. నీ మోచెయ్యి ఆనే చోట రంగు అరిగి చెక్క కనిపిస్తోంది. దాన్ని ముట్టుకోను. అది నీ మోచేతి ఆస్తి.

ఇక అసలు కానుక. కూర్చుని చదువు. నేను అన్నదే నిజం, అది జపానుదే! తల మీది అమెరికా పేరు చేత్తో రాసింది. భూతద్దంతో చూస్తే బ్రష్షు జాడలు తెలుస్తున్నాయి. పైగా చివరి అక్షరానికి తోక పెట్టాడు ఆ మహానుభావుడు. అసలు కంపెనీవాడు చూస్తే కోర్టుకి కూడా వెళ్ళడు, నవ్వుకుని ఊరుకుంటాడు. ఎవడో మరుగుదొడ్డి బోర్డులు రాసుకునేవాడి చేత రాయించి నీకు అంటగట్టారు. ఇన్నేళ్ళు నిన్ను మోసం చేసిన రాతని నా బల్ల మీద పెట్టుకుని ఊరుకుంటానా?

తీసేశాను!

మా విద్యలో కష్టమైన పని అదే, తెలుసా. పై రంగు పోవాలి, కింద పేరు పోకూడదు. పొద్దున కూర్చుని టర్పెంటైను, దూది, నా పాత బనీను పెట్టి, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచాను. బంగారు రంగంతా బనీనుకి అంటుకుంది. కింద నుంచి జపాను పేరు చెక్కు చెదరకుండా బయటికొచ్చింది. తెల్లగా, చిన్నగా, సిగ్గుపడుతూ. మా యజమాని ఎవరినీ మెచ్చుకోడు. ఆయన కూడా వచ్చి చూసి "ఊఁ" అన్నాడు. మా కొట్టులో అది బంగారు పతకంతో సమానం.

ఇక నువ్వు ఎవరి పేరూ మోయక్కర్లేదు మామయ్యా. నీది దొంగ అమెరికా కాదు, నిఖార్సైన జపాను. సెలవు దొరగ్గానే ఎత్తుకుని వస్తున్నాను.

ఇట్లు,
నిజాన్ని వెలికి తీసిన
నీ మేనల్లుడు


ఇల్లు,
వంటగది బల్ల దగ్గర

మామయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. పంచదార డబ్బా కింద ఉంది. నా ఉత్తరం అప్పటికే పోస్టులో వేసేశాను. పోస్టు డబ్బా దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే తీసుకెళ్ళిపోయారు.

ఇది దానికంటే ముందు అందితే, దాన్ని విప్పకు. చించెయ్. బతిమాలుకుంటున్నాను.

అత్తయ్య రాసిందని నాకు తెలీదు. తెలీదంటే ఇప్పుడు ఏం లాభం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది. నీకు ఏదో మేలు చేస్తున్నాననుకున్నాను. తుడుస్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నాను.

పళ్ళ డాక్టరు దగ్గర బాసు ఫోటో ఉంది. అందులో పేరు బాగా కనిపిస్తోంది. దాన్ని చూసి మంచి పెయింటరు చేత మళ్ళీ రాయించమంటావా? నేనే ఒక చెక్క మీద రాసి చూశాను. తోక రావడం లేదు. మిగతా అక్షరాలు ఎలాగో వస్తున్నాయి. తోక దగ్గర చెయ్యి ఆగిపోతోంది.

తీగలు మార్చలేదు. బనీను పారెయ్యలేదు.

అమ్మకి ఇంకా చెప్పలేదు. అన్నం ఎందుకు తినడం లేదని అడుగుతోంది. పన్ను నొప్పి అన్నాను.

నేను


కొట్టు మీది గది

మామయ్యా,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. పోస్టుమాన్ వచ్చే వేళకి నేను అమ్మ ఇంటి మెట్ల మీదే ఉంటున్నాను. ఆయన నన్ను చూడగానే చేతులు అడ్డంగా ఊపి వెళ్ళిపోతున్నాడు.

ఒక్క ఉత్తరం నిండా తిట్టు. జోకు వెయ్యను.


పోస్టాఫీసు వెనక వీధి

అల్లుడూ,

చించెయ్యమన్నదీ, ఆ మాట రాసిందీ, రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. ఏది ముందు విప్పాలో చెప్పేవాళ్ళు లేరు. లావుగా ఉన్నదాన్ని ముందు విప్పాను.

చదివి మడిచి కిటికీలో పెట్టాను. ఏమీ రాయకపోవడానికి కారణం కోపమే. లేదని చెప్పను. ఏదైనా రాస్తే, నువ్వు జీవితాంతం మర్చిపోలేని మాట ఏదో రాసేవాణ్ణి. అందుకని కలం ముట్టుకోలేదు. ఆలస్యంగా అందిన ఉత్తరానికి ఎవరినీ తిట్టకూడదని మా పోస్టాఫీసులో ఒక మాట ఉండేది. చెప్పుకోవడానికి బాగుంటుంది. నేను సర్వీసంతా చెప్పాను కూడా.

అయినా ఇందులో నా వాటా లేదా? అది అమెరికాదే అని బిగుసుకోకుండా, మీ అత్త రాసిందని మొదటి ఉత్తరానికే ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు దాన్ని కళ్ళకద్దుకుని ఉండేవాడివి.

ఫోటో చూసి ఎవరి చేతా రాయించకు. నకలుకి మళ్ళీ నకలు వద్దు. నువ్వూ చెక్కల మీద ప్రయత్నించకు. ఆ తోక మా పెళ్ళయ్యాక నాకూ నేర్పాలని చూసింది. నాకూ రాలేదు.

ఒకటి మాత్రం నీకు చెప్పాలి. ఆ జపాను పేరు నేను చివరిసారి చూసింది బజారు చివర, నిచ్చెన కింద నిలబడి, గుడ్డ విప్పినప్పుడు. అప్పటికి మీ అత్త ఎవరో నాకు తెలీదు. నువ్వు దాన్ని మళ్ళీ ఆ రోజుకి తీసుకెళ్ళి పెట్టావు. ఇప్పుడు ఆ గిటారుకి ఆమె ఎవరో తెలీదు. ఇది నిన్ను బాధపెట్టడానికి రాయడం లేదు. ఇంకెవరికి చెప్పుకోను?

ఇప్పుడు విను. రెండోసారి నీ లావు ఉత్తరం చదువుతూ ఒకచోట నవ్వాను. ఆమె పోయాక మొదటిసారి. నా నవ్వు నాకే వినిపించి తలుపువైపు చూశాను. మరుగుదొడ్డి బోర్డులు రాసుకునేవాడు అన్నావు కదా? మీ అత్తకి దొరికిన మొట్టమొదటి పని అదేరా. పాత మార్కెట్ వెనక మరుగుదొడ్డి బోర్డు. మీ అమ్మకి కూడా తెలీదు. పుట్టింట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడి, పూలకొట్టు బోర్డు అని చెప్పింది. నువ్వు ఉత్త రాత చూసి పట్టేశావు. ఆమె ఉంటే ఆ ఉత్తరం వీధంతా చదివి వినిపించేది. నీకు రెండు దెబ్బలు వేసి, భోజనం పెట్టి, మళ్ళీ చదివేది.

నవ్వు ఆగాక అనుమానం వచ్చింది. చెప్పులేసుకుని పాత మార్కెట్ వైపు బయల్దేరాను.

ప్లాస్టిక్ బోర్డులవాళ్ళు ఊరంతా మార్చారు గానీ, దాన్ని మార్చడానికి ఎవరికీ మనసు పోయినట్టు లేదు. ఉంది. నీలం రేకు మీద తెల్ల అక్షరాలు, మగవాళ్ళవైపు అని చూపించే చెయ్యి బొమ్మ. సగం తుప్పు. ఆ వేలి గోరుకి కూడా రంగు వేసింది పిచ్చిది, మగవాడి చెయ్యని మర్చిపోయి. చివరి అక్షరానికి తోక.

చాలాసేపు నిలబడ్డాను. లోపలికీ వెళ్ళను, బయటికీ వెళ్ళను. అక్కడ కూర్చునే మనిషి కాసేపు చూసి, లోపల ఖాళీ ఉంది పెద్దాయనా, వెళ్ళండి అన్నాడు. సరేనని లోపలికెళ్ళి ఊరికే చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ నిలబడ్డాను. మర్నాడు కూడా వెళ్ళాను. నాకేదో జబ్బుందని ఆయన తీర్మానించుకున్నాడు. ఒక డాక్టరు పేరు కూడా చెప్పాడు. ఆ మార్కెట్ పడగొడతారని అంటున్నారు. అడిగితే రేకు ఇచ్చేస్తారేమో. అడగాలనిపించలేదు. ఒకదాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేశానో చూశావుగా.

బాసు తీసుకురా. వాయిస్తానని మాట ఇవ్వను. తీగలు మార్చకు, ఆమె ఉన్నప్పుడు మోగినవి అవే. ఆ బనీను ఉతకొద్దు, అది కూడా తీసుకురా. గిటారు పెట్టెలో పెడతాను. నీ బనీనుకి అంత మర్యాద దక్కుతుందని కలలో కూడా అనుకుని ఉండవు.

వచ్చాక నిన్ను పాత మార్కెట్ వెనక్కి తీసుకెళ్తాను. జేబులో రుమాలు పెట్టుకుని రా. మొహానికి అడ్డం పెట్టుకున్నా, చూసేవాళ్ళు వాసనకే అనుకుంటారు.

మామయ్య